గుట్ట కింది నల్లమట్టికి పూర్తి పేరు తేల్చడం: ప్రాజెక్టు డైరీ

మే

వికారాబాద్ అవతల, అనంతగిరి గుట్టల కింద మా మేనమామ వాళ్ళకు కొంత బీడు ఉంది. తరాలుగా ఎవరూ దున్నలేదు. గొర్రెలు, మేకలు మేస్తాయి, అంతే. గుట్ట నెత్తిన ఎర్రటి లాటరైట్, దాని కింద బసాల్ట్, వాలు చదునుగా మారే చోట నల్లరేగడి. పై నుంచి కిందికి మూడు గుంతలు తవ్వాలి. ఒక్కో గుంతలో మట్టిని పొరపొరగా చూసి రాసుకోవాలి. పరీక్షలు వీలైనన్ని హైదరాబాద్‌లో మా ఫ్లాటు డాబా మీదే చేసి, చివరికి సాయిల్ టాక్సానమీ అనే అమెరికా నేలల వర్గీకరణ పద్ధతిలో దానికి పూర్తి పేరు తేల్చాలి. ఇదీ ప్రాజెక్టు.

సిటీలోనే తవ్వుకోవచ్చు కదా అని ఇంట్లో అడిగారు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. దాని మీద వచ్చేది ఎర్రచెల్క. లావా పారి గడ్డకట్టిన దక్కన్ బసాల్ట్ కావాలంటే పడమటికి, చేవెళ్ళ దాటి పోవాల్సిందే. పటాన్‌చెరులో 1972లో మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పెట్టినప్పుడు ఆ చోటు ఎంచుకోవడానికి ఒక కారణం ఒకే క్షేత్రంలో ఎర్రనేల, నల్లనేల రెండూ ఉండడం. అక్కడి నల్లనేలకు పక్క ఊరి పేరుతో కాసిరెడ్డిపల్లి సిరీస్ అని, ఎర్రనేలకు పటాన్‌చెరు సిరీస్ అని పేర్లు పెట్టారు. సిరీస్ అంటే ఒకే తీరు పొరలున్న నేలల గుంపు. ఈ పనికి నాకు కొలబద్ద ఆ కాసిరెడ్డిపల్లి నేలే.

బీడే ఎందుకంటే, నాగలి తిరిగిన రేగడిలో పైరూపం మిగలదు. దున్నని రేగడిలో నేల కొద్దికొద్దిగా ఉబ్బుతూ, కుంగుతూ అలల్లాంటి తీరు కడుతుంది. దాన్ని గిల్‌గై అంటారు. వాలు మీద అయితే ఆ అలలు వాలు వెంబడే కిందికి సాగుతాయి. మా బీడులో సాయంత్రం వాలు వెలుగు పడ్డప్పుడు మాత్రమే అవి కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎంత వెతికినా కనబడవు.

ఈసారి చేసింది నెర్రెల కొలత. వాలు అడుగున అవి నేల మట్టం దగ్గర నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్ల వెడల్పున నోరు తెరుచుకొని ఉన్నాయి. సైకిల్ చువ్వలు మూడు అతికించి దింపితే 70 సెంటీమీటర్ల దాకా తగలకుండా పోయింది. ఆ కింద నెర్రె వంకర తిరిగి ఉంటుంది కాబట్టి చువ్వ ఆగిన చోటే అడుగు అనుకోకూడదు. అందుకని ఒక ఉపాయం చేశాను. గడపలకు పూసే జాజు పొడి కలిపిన నీళ్ళు బకెట్టుతో నెర్రెల్లో పోశాను. వానాకాలం తర్వాత సరిగ్గా అక్కడే గుంత తవ్వితే ఎర్ర జాడ ఎక్కడిదాకా పోయిందో చూడొచ్చు. చాలామంది ఇలాంటి పనికి సున్నపు నీళ్ళు పోస్తారు. కానీ నేను తర్వాత ఇదే మట్టిలో సున్నం శాతం కొలవాలి, కాబట్టి జాజే నయం.

బీడులో గొర్రెలు కాసే కాక నెర్రెల మీదుగా వంగి చూస్తూ, "ఇది రేగడి అని సంటి పిల్లగానికి ఎరుకే బిడ్డా, గుంత తవ్వి సూడాల్నా?" అన్నాడు.

"రేగడేనా, కాదా అని కాదు కాకా. ఎంత లోతు, ఎట్లాంటి రేగడి అని."

"లోతంటవా? గా తుమ్మచెట్టు కాడ గడ్డపార అందదు. గా మోదుగుల కాడ మోకాలు లోతుకే మొరం."

గుంతలు ఎక్కడ పెట్టాలో ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

జూన్, మిరుగు తర్వాత

మొదటి గట్టి వాన పడిన రోజు అక్కడే ఉన్నాను. కాలవ కట్టాల్సినంత వాన. అయినా వాలు అడుగున ఒక్క చుక్క పారలేదు. అంతా నెర్రెల్లోకే పోయింది. ఎండిన రేగడి మొదట్లో గంటకు పదుల మిల్లీమీటర్ల నీళ్ళు తాగుతుంది. తడిసి నెర్రెలు మూసుకున్నాక గంటకు ఒక్క మిల్లీమీటరు కూడా లోపలికి పోవు. పాత రోజుల్లో మన దగ్గర లోతు రేగళ్ళను వానాకాలం ఖాళీగా వదిలేసి, యాసంగిలో లోపలి తేమ మీద జొన్న, శనగ వేసేవాళ్ళు. దానికి కారణం ఇదే. తడిసిన రేగడిలో నాగలీ నడవదు, మనిషీ నడవడు. చెప్పులు నేలకు అప్పగించి రావడమే.

నేల మెత్తబడింది కాబట్టి పై రెండు గుంతలు తవ్వించాను.

పై గుంత గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఎర్రగోధుమ రంగు గులకమట్టి ఒక జానెడు, ఆ కింద గట్టి రాయి. లిథిక్ ఉస్టార్థెంట్, అంటే రాతి మీది పలచటి నేల, అని రాసి మూసేశాను.

మోదుగుల దగ్గరి నడి గుంత మాత్రం ఆలోచనలో పడేసింది. పైన అచ్చం రేగడే. ముద్ద చేసి బొటనవేలితో రిబ్బన్ లాగితే ఐదు సెంటీమీటర్లు దాటి పోయింది, అంటే బంకమన్ను బాగా ఉన్నట్టే. మేలో ఇక్కడ కూడా నెర్రెలు బొటనవేలు దూరేంత ఉన్నాయి. 45 సెంటీమీటర్ల దగ్గర గడ్డపారకు మొరం తగిలింది. మొరానికి పైన ఒక పది సెంటీమీటర్ల పట్టీలో మాత్రం అక్కడక్కడ మెరిసే ముఖాలు కనిపించాయి. వాటి గురించి పెద్ద గుంత తవ్వినప్పుడు రాస్తాను, అసలు కథ అక్కడుంది. ఈలోగా అన్ని పొరల మట్టీ సంచుల్లో కట్టుకొని సిటీకి తెచ్చాను. లిఫ్టులో వాచ్‌మన్ చూసి, కుండీలకా సార్ అని అడిగాడు. అవునన్నాను.

ఆగస్టు, డాబా మీద

బంకమన్ను శాతం. హైడ్రోమీటర్ పద్ధతి: పెద్ద రేణువులు ముందు అడుక్కి దిగుతాయి, ఇంకా తేలుతున్న మట్టి ఎంతో నీళ్ళలో తేలే గాజు గొట్టం చెబుతుంది. మట్టి నీడలో ఆరబెట్టి, రోకలితో మెల్లగా చిదిపి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టాను. సున్నపు గడ్డలు జల్లెడ పైనే ఉండిపోతాయి, వాటిని విడిగా తూచి పెట్టుకోవాలి. 50 గ్రాముల మట్టిలో, రేణువులను విడదీసే కాల్గన్ 5 శాతం ద్రావణం 100 మిల్లీలీటర్లు పోసి రాత్రంతా నానబెట్టాను. ఎర్రచెల్క అయితే నానబెట్టి కలిపితే చాలు. రేగడి అట్లా లొంగదు. మజ్జిగ బ్లెండరుతో పది నిమిషాలు తిప్పాకే గడ్డలు విడిపోయాయి. ఆ బ్లెండరు ఇక మజ్జిగకు పనికిరాదు.

లీటరు జాడీలో నిండా నీళ్ళు పోసి, తిప్పి, వదిలేశాను. 40 సెకన్లకు ఒక రీడింగు, రెండు గంటలకు ఒకటి. పుస్తకాల్లో చాలాచోట్ల రెండు గంటల రీడింగునే బంకమన్ను అని రాస్తారు. నిజానికి రెండు మైక్రాన్లకన్నా పెద్దవైన సన్నపు ఒండ్రు రేణువులు అప్పటికింకా నీళ్ళలో తేలుతూనే ఉంటాయి. మర్నాడు అదే వేళకు మళ్ళీ చూడడం మంచిది. హైడ్రోమీటర్‌ను 20 డిగ్రీలకు తయారు చేస్తారు, మా డాబా మీద నీడలోనే 30. డిగ్రీకి 0.36 చొప్పున సవరించుకోవచ్చు. నేను పక్కన మట్టి లేకుండా కాల్గన్ నీళ్ళ జాడీ ఒకటి పెట్టి, దాని రీడింగు తీసేశాను. వేడి లెక్కా, కాల్గన్ లెక్కా అందులోనే పోతాయి.

నడి గుంత మట్టి 38 శాతం దగ్గర తేలింది. వర్టిసాల్ (టాక్సానమీలో అసలైన రేగడికి పేరు) అనిపించుకోవడానికి పైనా, 18 నుంచి 50 సెంటీమీటర్ల లోతు దాకానూ కనీసం 30 శాతం బంకమన్ను ఉండాలి. ఆ పరీక్ష పాసయింది.

ఉబ్బుడు కొలత రెండు రకాలుగా చేశాను. మొదటిది మన భారత ప్రమాణం ఐఎస్ 2720లోని ఫ్రీ స్వెల్ ఇండెక్స్. పది గ్రాముల పొడిమట్టి నీళ్ళ జాడీలో, పది గ్రాములు కిరసనాయిలు జాడీలో వేసి ఒక రోజు వదలాలి. కిరసనాయిలు మట్టిని ఉబ్బించదు, నీళ్ళు ఉబ్బిస్తాయి. ఆ తేడాయే లెక్క. ఇంత సులువు పరీక్షలో కష్టమల్లా కిరసనాయిలు సంపాదించడమే. రేషన్ షాపులో ఇవ్వడం మానేశాక సిటీలో అది దొరకడం గగనమైంది. చివరికి పాత స్టవ్‌లు బాగుచేసే ఆయన దగ్గర ఒక సీసా దొరికింది. నడి గుంత మట్టి నీళ్ళలో 16 మిల్లీలీటర్లకు ఉబ్బింది, కిరసనాయిలులో 10 దగ్గరే ఉంది. అంటే 60 శాతం, మధ్యరకం.

రెండోది నాకు బాగా నచ్చింది. సూది తీసేసిన పెద్ద సిరంజిలోకి మట్టి ముద్ద ఎక్కించి, గాజు పలక మీద సన్నటి కడ్డీలుగా వత్తాలి. పది సెంటీమీటర్లకు కోసి, నీడలో ఆరబెట్టి మళ్ళీ కొలవాలి. తడి పొడవును పొడి పొడవుతో భాగించి ఒకటి తీసేస్తే వచ్చేదే కోల్ విలువ, మట్టి ఎంత సాగుతుందో చెప్పే అంకె. నడి గుంత కడ్డీలు 100 నుంచి 93 మిల్లీమీటర్లకు తగ్గాయి, అంటే 0.075. నేలలో ఉన్న సహజమైన పెళ్ళతో కొలిస్తే ఇంకాస్త తక్కువే వస్తుంది, ఎందుకంటే ముద్ద చేసినప్పుడు నేల తీరు చెదిరిపోతుంది. అయినా దీన్నే తీసుకొని 45 సెంటీమీటర్ల లోతుతో గుణిస్తే మొత్తం సాగుడు 3.4 సెంటీమీటర్లు. ఈ సంఖ్య పక్కన పెట్టుకోండి.

వాన మీద వాన. పెద్ద గుంతకు ఇప్పుడు పోయే ప్రశ్నే లేదు.

నవంబర్

తుమ్మచెట్టు దగ్గర గుంత. మేలో అయితే ఈ నేల ఇనుము, ఆగస్టులో జిగురు. నవంబర్ మొదట్లో గోడ నిలబడుతుంది, కత్తి దిగుతుంది. ఇద్దరు మనుషులు ఒకటిన్నర మీటరు దింపారు. దిగడానికి ఒకవైపు మెట్లు ఉంచమన్నాను, తీసిన మట్టి అంచుకు దూరంగా పోయించాను. రేగడి గోడ చెప్పకుండా జారుతుంది, ఈ విషయంలో బద్ధకం పనికిరాదు.

పార పెట్టి చెక్కిన గోడ చూస్తే అంతా ఒకటే నలుపు, ఏమీ అర్థం కాదు. పార పక్కన పెట్టి, చిన్న కత్తి మొనతో మట్టిని దాని ఇష్టానికి విరగనిస్తూ పోవాలి. పైన ఒక వేలెడు మందాన గుల్ల. ఆ కింద 40 సెంటీమీటర్ల దాకా కోణాల పెళ్ళలు. 55 దగ్గర కత్తి తిప్పగానే ఒక పెద్ద పెళ్ళ తనంతట తాను జారి చేతిలోకి వచ్చింది. దాని అడుగు ముఖం బ్లేడుతో కోసిన సబ్బు బిళ్ళలా నున్నగా, తళతళలాడుతూ ఉంది. దగ్గరగా పెట్టి చూస్తే ఆ నునుపు మీద ఒకే దిక్కుకు సన్నటి గీతలు, ఆ గీతల చివర ఎక్కడో చిక్కుకొని లాగబడ్డ ఇసుక రేణువు. ఇదే స్లికెన్‌సైడ్. ఫోన్లో వాలు కొలిచే యాప్ ఆనించి చూస్తే 35, 40 డిగ్రీలు, కొన్ని 25.

ఇది ఎట్లా వస్తుందంటే: బసాల్ట్ చివికి వచ్చే స్మెక్టైట్ బంకమన్ను, పొరల మధ్యకు నీళ్ళు చేరితే ఉబ్బుతుంది. పైన ఉన్న మట్టికి ఆకాశం దిక్కు ఖాళీ ఉంది, అది పైకి లేచి ఊరుకుంటుంది. లోపలి మట్టికి పైన బరువు, చుట్టూ తనలాగే ఉబ్బుతున్న మట్టి. పక్కలకు నెట్టే ఒత్తిడి తట్టుకోలేక వాలుగా కోసుకుపోయి, ఒక దిమ్మ ఇంకో దిమ్మ మీద జారుతుంది. ఏటేటా అదే జారుడు, అందుకే ఆ మెరుపు. పై నుంచి మట్టి నెర్రెల్లో రాలిపడి నేల తనను తాను తిరగేసుకుంటుందనే పాత వివరణ సగమే నిజం. అంత వేగంగా తిరగబడితే లోతు పెరిగేకొద్దీ పొరలు క్రమంగా మారడం కనిపించకూడదు. ఇక్కడ కనిపిస్తోంది.

జాజు దొరికింది. నెర్రె మూసుకుపోయి గీత మాత్రమే మిగిలింది, ఆ గీత వెంట 80 దాకా ఎర్ర చార. ఒకచోట చార తెగి, స్లికెన్‌సైడ్ ముఖం మీద వేలి వెడల్పున పక్కకు పూసుకుపోయింది. అంటే ఈ ఒక్క వానాకాలంలోనే ఆ దిమ్మ కదిలింది. కాకను లోపలికి పిలిచి చూపించాను. చాలాసేపు తడిమి చూసి, "గందుకే గీ బీడుల ఎన్ని కడీలు పాతినా వంకర పోతయ్" అన్నాడు. కంచె కడీలు వాలడానికి కారణం ఇదే. కాకకు ముందే తెలిసిన సంగతికి నేను కింద నుంచి సాక్ష్యం తెచ్చానంతే.

స్లికెన్‌సైడ్ల మందం 50 నుంచి 110 దాకా. 115 నుంచి శనగగింజంత సున్నపు గడ్డలు ఒత్తుగా. డైల్యూట్ యాసిడ్ చుక్క వేస్తే పైన సన్నగా, అడుగున జోరుగా పొంగింది. రంగు తడిమట్టికి మన్సెల్ రంగుల పుస్తకంలో 10వైఆర్ 3/1, అంటే బాగా ముదురు బూడిద. ఇంత నలుపు చూసి సారవంతం అనుకుంటారు గానీ, మన రేగళ్ళలో సేంద్రియ కర్బనం సాధారణంగా ఒక శాతం కూడా ఉండదు. ఆ కొంచెమే బంకమన్నుకు గట్టిగా పట్టుకొని రంగు ఇస్తుంది.

డిసెంబర్

డాబా లెక్కలు: పెద్ద గుంత మట్టిలో బంకమన్ను రెండు గంటల రీడింగుతో 54, మర్నాటి రీడింగుతో 48. ఫ్రీ స్వెల్ 110 శాతం. కడ్డీలు 100 నుంచి 89కి. కోల్ 0.12 పైమాటే. 0.09 దాటితే చాలా ఎక్కువ కిందే లెక్క.

ఇక పేరు. వర్టిసాల్ కావాలంటే మూడు షరతులు. మీటరు లోతు లోపల మొదలయ్యే, కనీసం 25 సెంటీమీటర్ల మందమున్న పొరలో స్లికెన్‌సైడ్లు గానీ, వాలుగా ఉండే కోణపు పెళ్ళలు గానీ ఉండాలి. 30 శాతం బంకమన్ను ఉండాలి. కాలానుగుణంగా తెరుచుకొని మూసుకునే నెర్రెలుండాలి. రంగు ఊసే లేదు. పెద్ద గుంత మూడింట్లోనూ సునాయాసంగా పాసయింది. నడి గుంత స్లికెన్‌సైడ్ దగ్గరే ఆగిపోయింది, పది సెంటీమీటర్లే కదా. పోనీ వర్టిక్ అనే విశేషణమైనా ఇద్దామంటే దానికి 15 సెంటీమీటర్ల మందం కావాలి, లేదా మొత్తం సాగుడు 6 సెంటీమీటర్లు ఉండాలి. మనకు వచ్చింది 3.4. కాబట్టి నడి గుంత టిపిక్ హాప్లుస్టెప్ట్, అంటే ఇంకా పూర్తిగా రూపుకట్టని నేల; టిపిక్ అంటే వేరే విశేషణం లేనిది. పైన నిలబడి చూస్తే రెండూ ఒకటే నలుపు, ఒకే రకం నెర్రెలు. తేడా అంతా మొరం ఎంత లోతులో ఉందన్న దాంట్లో ఉంది. పైన బరువు లేకపోతే ఒత్తిడి లేదు, ఒత్తిడి లేకపోతే జారుడు లేదు.

పెద్ద గుంత ఏ ఉపవర్గం? నెర్రెల క్యాలెండర్ చూడాలి. 5 మిల్లీమీటర్ల పైన వెడల్పుతో ఏడాదిలో మొత్తం 90 రోజులకు తగ్గకుండా తెరిచి ఉంటే ఉస్టర్ట్. ఇక్కడ సరదా సంగతి: కాలిఫోర్నియా కొండవాలు మేతభూముల్లో డయాబ్లో అనే సిరీస్ ఉంది. షేల్, ఇసుకరాయి చివికి వచ్చిన లోతు బంకనేల, మా బీడుకు దూరపు చుట్టం. అది జెరర్ట్ అనే ఇంకో ఉపవర్గం. అక్కడ వాన చలికాలంలో పడుతుంది కాబట్టి, వేసవి సంక్రమణం తర్వాతి మూడు నెలల్లో నెర్రెలు తెరిచి ఉండాలని నియమం. సరిగ్గా ఆ మూడు నెలలూ మావి మూసుకొని ఉంటాయి.

తర్వాత, సున్నపు పొర మీటరు లోపల ఉంటే కాల్సియుస్టర్ట్ అయ్యేది. మాది 115. ఒకటిన్నర మీటరు లోపల ఉంటే కాల్సిక్ అనే విశేషణం వస్తుంది, కానీ పొరలో సున్నం 15 శాతం ఉండాలి. బంగారం తూచే చిన్న త్రాసు మీద పది గ్రాముల మట్టి, యాసిడ్ సీసా కలిపి తూచి, పొంగు తగ్గాక మళ్ళీ తూచాను. 0.48 గ్రాములు గాలిలో కలిసింది. వంద గ్రాముల సున్నపురాయి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది కాబట్టి, ఇది సుమారు 11 శాతం. చాలదు.

రంగు విషయానికొస్తే, 1975 నాటి టాక్సానమీలో నల్లటివి పెల్లుస్టర్ట్, గోధుమవి క్రోముస్టర్ట్ అని రంగుకే పెద్దపీట వేశారు. 1990ల మొదట్లో ఆ విభజన ఎత్తేసి, రంగును ఒక మెట్టు కిందికి, క్రోమిక్ అనే విశేషణానికి దించారు. నా మటుకు అది సరైన పనే. పాత పత్రాల్లో కాసిరెడ్డిపల్లి నేల టిపిక్ పెల్లుస్టర్ట్. తర్వాత నాగ్‌పుర్ నేలల సర్వే బ్యూరో పరిశోధకులు దాన్ని సోడిక్ హాప్లుస్టర్ట్ (సోడియం ఎక్కువున్న మామూలు ఉస్టర్ట్) అన్నారు. నేల మారలేదు, చూసే చోటు మారింది.

ఆ సోడిక్ అనే మాటే ఇప్పుడు నాకు టెన్షన్. 90 సెంటీమీటర్ల దగ్గరి బఠాణీ గింజంత మట్టి ముక్కను డిస్టిల్డ్ వాటర్‌లో కదపకుండా వదిలితే, రెండు గంటలకు చుట్టూ పాలలాంటి పలచటి మబ్బు కమ్మింది. 20 సెంటీమీటర్ల మట్టి విరిగింది గానీ నీళ్ళు తేటగానే ఉన్నాయి. అంటే లోపల సోడియం ఉన్నట్టు సూచన. మార్చుకోదగ్గ సోడియం 15 శాతం దాటిందా లేదా అన్నది ఇంట్లో తేలదు. ఒక ల్యాబ్‌కు ఇచ్చాను, రేపు మాపు అంటున్నారు.

50 సెంటీమీటర్ల లోతులో పైపు దింపి పెట్టిన థర్మామీటర్ రీడింగులు కాక మనవడు వాట్సాప్‌లో పంపుతున్నాడు. పూర్తి పేరులో నేల వేడి కూడా చెప్పాలి. ఐసోహైపర్‌థర్మిక్ అనాలంటే ఏడాది సగటు 22 డిగ్రీలు దాటాలి, వేసవికీ చలికీ తేడా 6 లోపు ఉండాలి. మే మంటలు చూసి ఇది ఎట్లా కుదురుతుందని మొదట అనిపిస్తుంది. కానీ ఆ లెక్కలో వేసవి అంటే జూన్, జులై, ఆగస్టు. మనకు అప్పుడు వానలు, నేల చల్లబడి ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు సగటు 28 దగ్గర వచ్చింది, ఇప్పుడు 24. ఫిబ్రవరి దాకా చూసి ఖాయం చేస్తాను.

ప్రస్తుతానికి డబ్బా మీద రాసిన పేరు: ఫైన్, స్మెక్టిటిక్, ఐసోహైపర్‌థర్మిక్, టిపిక్ హాప్లుస్టర్ట్. ఫైన్ అన్నది బంకమన్ను శాతాన్ని బట్టి వచ్చిన మాట. స్మెక్టిటిక్ అన్నది బసాల్ట్‌నూ ఉబ్బుడునూ చూసి వేసుకున్న అంచనా, ఎక్స్‌రే పరీక్ష లేదు. టిపిక్ పక్కన పెన్సిల్‌తో రెండు మాటలు రాసి ఉంచాను: సోడిక్, యూడిక్. మొదటిది ల్యాబ్ చేతిలో ఉంది. రెండోది నెర్రెల చేతిలో: 150 రోజుల కన్నా తక్కువ తెరిచి ఉంటే యూడిక్. సంక్రాంతికి మొదలై మిరుగుకు మూసుకుంటే 145 రోజులు, అటో ఇటో. దానికన్నా ముందే మొదలైతే టిపిక్. అందుకే మనవడికి ఇంకో పని అప్పజెప్పాను. వారానికోసారి గుర్తు పెట్టిన చోట్ల నెర్రెలోకి పెన్సిల్ పడుతుందేమో చూడడం. పెన్సిల్ మందం 7 మిల్లీమీటర్లు, అది పడితే 5 దాటినట్టే. ఈ ఆదివారం ఫోటోలో తుమ్మచెట్టు దగ్గర నెర్రెలు వచ్చాయి గానీ, పెన్సిల్ ఇంకా పైనే ఆగుతోంది.